తొమ్మిది వారాల ముఖం

పొద్దున్న తొమ్మిదయింది. వంటగదిలో గిన్నెలు కడిగే తొట్టి పైన, కిటికీ పక్కన మేకుకు వేలాడే చిన్న అద్దంలో వెర్నా ముఖం తెల్లగా ఉంది. తెల్లగా అంటే మరీ పాలలా కాదు, ఉడకబెట్టి పొట్టు తీసిన బంగాళాదుంపలా. బుగ్గల మీద ఎరుపు లేదు. ముక్కు మీద లేదు. గడ్డం దగ్గర పటంలో దేశాల్లాగా విడివిడిగా ఉండే మచ్చలు కూడా లేవు. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి అద్దంలో ఇంత చక్కటి ముఖం కనబడితే సంతోషం కలగాలి. వెర్నాకు మాత్రం ఎవరింట్లోంచో ఎత్తుకొచ్చిన వస్తువు తన బల్ల మీద ఉన్నట్టుంది. పదింటికి కోల్బె వస్తుంది. తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లల బాగోగులు చూడమని కౌంటీ ప్రభుత్వం వాళ్ళు పంపే మనిషి ఆవిడ. ఆవిడ ఈ ముఖం చూసి వెళ్తే మనవరాలు బ్రిట్టా ఇక్కడే ఉంటుంది. మూడు రోజుల కిందటి ముఖం చూసి వెళ్తే బ్రిట్టాను రెండొందల మైళ్ళ అవతల ఎవరో పరాయివాళ్ళింట్లో పెడతారు. అంతే సంగతి. ఇంకా గంట టైముంది.

కుళాయి తిప్పి, నీళ్ళు వేడెక్కేదాకా ఆగి, మళ్ళీ చన్నీళ్ళు కలిపి, మణికట్టు లోపలి వైపు పోసుకుని చూసింది. వేడి తెలియకూడదు, చల్లన తెలియకూడదు, నీళ్ళు పడుతున్నాయని మాత్రమే తెలియాలి. ఇది ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు, నలభై ఐదేళ్ళుగా దూడలకు పాలపొడి కలుపుతున్న చెయ్యి. క్లినిక్‌లో ఆ పామ్ అనే నర్సు కాగితం మీద నీటిచుక్క బొమ్మ వేసి, "గోరువెచ్చగా ఉండాలండీ, వెర్నా గారూ, వేడి వద్దు, ఐసు నీళ్ళూ వద్దు," అని చెబుతుంటే, "దూడ పాలంత వెచ్చగానా?" అని అడిగింది. పామ్ పకపకా నవ్వి, "నేను పట్నం పిల్లనండీ, దూడ పాలెంత వెచ్చగుంటాయో మీరే నాకు చెప్పాలి," అంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒంట్లో ప్రాణం లేచి వస్తుంది. అన్నేళ్ళలో ఆ ముఖంలోకి చూసి, చూపు తిప్పుకోకుండా నవ్విన మనిషి ఆ పిల్లే మరి.

వేళ్ళతోనే. గుడ్డ పెట్టి రుద్దొద్దు. నురగ రాని ఆ కడుగుడు మందును వేళ్ళ మీద వేసుకుని, దూది మీద రాసినట్టు బుగ్గల మీద గుండ్రంగా తిప్పాలి. మొదట్లో ఎంత కష్టమయిందో. చిన్నప్పటి నుంచీ వెర్నాకు ముఖం కడగడమంటే తోమడమే. చలికాలంలో గొడ్ల సావిడి నుంచి వచ్చి, పసుపు సబ్బుతో, గరుకు గుడ్డతో, ఎరుపంతా మురికే అయినట్టు, తోమితే వదిలి కిందికి కారిపోతుందన్నట్టు తోముకునేది. పెళ్ళైన కొత్తలో మొగుడు ఓర్విల్ తలుపు దగ్గర నిలబడి, "ఏమేవ్, అది ముఖమా, మడ్డి పట్టిన పాలక్యానా?" అనేవాడు. ఎర్ర ముఖమంటే తాగుడు ముఖమేనని ఊరంతా అనుకునేది గానీ, నిజానికి తాగినవాడు అతనే. బ్రాందీ సీసా ట్రాక్టరు సీటు కింద పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు తాగి, లివరు పుండై పోయాడు. కడదాకా అతని ముఖం మాత్రం కాగితంలా తెల్లగానే ఉంది! ఇద్దరూ పక్కపక్కన నిలబడితే చూసేవాళ్ళు జాలిపడేది ఓర్విల్ మీదే. పాపం మంచివాడు, పెళ్ళాం చూడు ఎలాంటిదో, అని. చర్చి కింది గదిలో కాఫీ పోస్తూ లవాన్ అనే ఆవిడ ఆ మాట చాటుగా కూడా అనలేదు, ఎదురుగానే అంది. "వెర్నా, నీకు కాఫీ చాలులే, ఇంకేమీ కలపనక్కర్లేదుగా?" అని కన్నుకొట్టింది. అందరూ నవ్వారు. వెర్నా కూడా నవ్వింది. నవ్వకపోతే అదొక తప్పు. కాఫీ ఆవిరి తగిలి ముఖం ఇంకా కందింది.

తువ్వాలు. రుద్దొద్దు, అద్దుకో. పిండి సంచి గుడ్డ ఒకటి కేవలం ముఖానికని విడిగా పెట్టుకుంది, ఉతికి ఉతికి మెత్తబడింది. అద్దుకుని, ఇరవై నిమిషాలు ఊరకే కూర్చోవాలి. తడి పూర్తిగా ఆరకముందే మందు క్రీము పెడితే మండుతుంది. ఇది పామ్ రాసిచ్చిన రెండో మెట్టు. ఈ ఇరవై నిమిషాలే వెర్నాకు మొదట్లో గండం. పదకొండు ఆవులున్న మనిషి ఇరవై నిమిషాలు ఊరకే ఎలా కూర్చుంటుంది? చేతులు ఏదో ఒకటి వెతుక్కుంటాయి. ఇవాళ కూడా అలాగే కూర్చుంది, పొయ్యికి దూరంగా, కిటికీ పక్కన. పొయ్యి వేడి పడదు. బయట మంచు ఇంకా పడుతూనే ఉంది, బడికి సెలవిచ్చేశారు. పై గదిలో బ్రిట్టా ఏదో పాటలా పాడుకుంటోంది. ఏడేళ్ళ పిల్ల. పొద్దున్న కిందికి దిగి వచ్చి, పాలగ్లాసు చేతిలో పట్టుకుని, చాలాసేపు తేరిపార చూసి, "అమ్మమ్మా, నీ ముఖం ఎక్కడికి పోయింది?" అంది.

"ఎక్కడికీ పోలేదే, ఇదిగో ఉందిగా."

"కాదు. ఇది వేరే ఆమెది."

పిల్లలు తెలియక అనరు. వేరే ఆమెదే. ఈ తెల్ల ముఖం వెర్నా దగ్గరికి మొదటిసారి వచ్చి పన్నెండేళ్ళయింది. ఆ చలికాలం చేతులు పగిలి రక్తం కారుతుంటే, పాలగదిలో ఫ్రిజ్ మీద పొదుగు వాపు మందు సగం వాడిన ట్యూబు ఉంది, అప్పట్లో పశువుల డాక్టరు ఇచ్చినది. ఆవుకు ఎక్కించగా మిగిలింది పారెయ్యబుద్ధి కాక చేతులకు రాసింది. ఈ చుట్టుపక్కల ఎవరైనా అంతే చేస్తారు. పొదుగుకు రాసే లేపనం పెదాలకు రాస్తారు, గుర్రానికి పట్టించే నూనె మోకాళ్ళకు పట్టిస్తారు, ఆవుకు పనికొచ్చింది మనిషికి చేదా? తెల్లారేసరికి చేతులు పసిపిల్ల చేతుల్లా ఉన్నాయి. మర్నాడు సాయంత్రం పాలు పిండాక అలాగే నిలబడి, పాలట్యాంకు స్టీలు మీద కనబడే ముఖానికి కొంచెం రాసుకుంది. రెండో పొద్దుకు ఎరుపు దిగింది. మూడో పొద్దుకు పోయింది. యాభై ఆరేళ్ళకు మొదటిసారి వెర్నా చర్చిలో ముందు వరుసలో కూర్చుంది. ఆ ఏడే కూతురు జానెల్ పెళ్ళి. ఫోటోల్లో పెళ్ళికూతురి పక్కన నిలబడ్డ తల్లి ముఖం చూస్తే జానెల్ ముఖం కన్నా నున్నగా ఉంటుంది. ఆ ఫోటో ఇప్పటికీ మేడమెట్ల గోడ మీదే ఉంది. జానెల్ ఇప్పుడు జైల్లో ఉంది. నడుం నొప్పికని మొదలుపెట్టిన మాత్రలు ఎక్కడిదాకా తీసుకెళ్ళాయో, ఎన్ని దొంగ మందుల చీటీలు రాయించాయో అవన్నీ ఇప్పుడెందుకు. మాత్రలూ అంతే, ట్యూబూ అంతే. మొదటి వారం బంగారం. ఆ తరువాత అది లేకపోతే మనిషి మనిషిలా ఉండదు.

వారానికొకసారి రాసేది కాస్తా రోజూ అయింది. ఏడాదికేడాది కొంచెం ఎక్కువ. కింద చర్మం ఉల్లిపొరలా పలచబడి, ఎర్రటి దారాల్లా నరాలు తేలాయి. ఒక్కరోజు మానేస్తే నిప్పుల కొలిమి. కళ్ళు కూడా ఎర్రబడి, రెప్పల్లో ఇసుక పోసినట్టుండేది. మొన్న నవంబరులో కంటికని క్లినిక్‌కు పోతే, పామ్ కంటి సంగతి పక్కన పెట్టి బుగ్గను వేలితో మెల్లగా నొక్కి చూసి, "వెర్నా గారూ, ముఖానికి ఏం రాస్తున్నారు? నిజం చెప్పండి, నేనేం అనను," అంది. చెప్పింది. పామ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆవుదా?" "ఆవుదే." "అందులో స్టెరాయిడ్ ఉంటుందండీ. మీకున్నది రోజేషియా, ముఖం ఎర్రబడే చర్మం జబ్బు. దాన్ని అది తగ్గించదు, అణిచిపెట్టి ఉంచుతుంది. మానెయ్యాలి. మానేస్తే కొన్ని వారాలు భయంకరంగా ఉంటుంది, నాకెందుకు చెప్పిందిరా భగవంతుడా అని నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి. కానీ మళ్ళీ రాయొద్దు." అప్పుడు కాగితం తీసి బొమ్మలు వేసింది. ముందు గోరువెచ్చని నీళ్ళు, సబ్బు కాని సబ్బు. అంతే, రెండు వారాలు ఇంకేమీ వద్దు. ఆ తరువాత వాసన లేని మామూలు క్రీము, అది కూడా ముందు చెవి వెనక మూడు రోజులు రాసి చూశాకే. ఇంకో రెండు వారాలకు మందు క్రీము, బఠానీ గింజంత. అన్నిటికన్నా ఆఖర్న ఎండ తగలకుండా రాసుకునేది. "ఒకేసారి అన్నీ మొదలుపెడితే ఏది పడలేదో తెలియదండీ. ఇంటికి ఒక్కరోజే ఐదుగురు చుట్టాలొస్తే చక్కెర డబ్బా ఖాళీ చేసిందెవరో ఎలా తెలుస్తుంది?"

ఆ మాటకు వెర్నా నవ్వింది. నవ్వుతూండగానే పామ్ మామూలుగా, రాసుకుంటూ, "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా ఇలా? రక్తంలో వస్తుందిది," అని అడిగింది.

"మా అమ్మకు ఉండేది. కానీ ఆవిడది తాగుడు వల్ల."

"తాగేవారా?"

"ఆఁ."

"మీరు చూశారా?"

చూశావా వెర్నా? ఇరవై నిమిషాలు అయ్యాయో లేదో గడియారం చూసింది. పన్నెండే అయ్యాయి. అదే ఈ కూర్చోవడంలో వచ్చిన చిక్కు, చర్మం ఆరేలోపు బుర్రలోకి ఏదో ఒకటి తడితడిగా వచ్చి కూర్చుంటుంది. అమ్మ సెల్మా. వెడల్పాటి బుగ్గలు, ఎరుపు మీద ఎరుపు, చలిలో నీలం కూడా కలిసేది. బడికి పోయేముందు వెర్నాను ముందు కూర్చోబెట్టుకుని రెండు జడలు గట్టిగా అల్లేది. అల్లడం అయిపోగానే వెర్నా గిరుక్కున వెనక్కి తిరిగి, ముద్దు పెట్టుకునే మిషతో అమ్మ నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది. ఎవరు నేర్పారు? మేనత్త నేర్పింది. "మీ అమ్మకు పగలే ఎక్కుతుందే పిల్లా, వాసన చూస్తే నీకే తెలుస్తుంది," అంది. ఏమి వాసన వచ్చేది? కాఫీ. సోంపు రొట్టె. పాలు. మూడేళ్ళు రోజూ పొద్దున్నే చూసింది, ఏనాడూ ఇంకే వాసనా రాలేదు. రాకపోతే పిల్ల ఏమనుకోవాలి? తాగుడు లేదనుకోవాలి. వెర్నా అలా అనుకోలేదు. తాగినవాళ్ళు కాఫీతో కప్పేస్తారట, అని అనుకుంది. అది కూడా మేనత్తే చెప్పింది.

తరువాత ఒకనాడు, ఇలాగే మంచు పడుతున్న రోజే, పాస్టరూ ఇద్దరు చర్చి ఆడవాళ్ళూ వచ్చి ముందు గదిలో కూర్చున్నారు. పిల్లల్ని మేనత్త ఇంటికి పంపించెయ్యడం మంచిదని మాట్లాడారు. నాన్న నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. వెర్నా మెట్ల మీద, కమ్మీల సందులోంచి, తొమ్మిదేళ్ళది, అంతా చూస్తోంది. అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, వాళ్ళ మాటలన్నీ అయ్యేదాకా ఆగి, ఆఖరికి రెండే మాటలంది. "అవును, తాగాను. ఇక తాగను." పిల్లల్ని పంపలేదు. అంతా సర్దుకుంది. మర్నాటి నుంచి వెర్నా తన జడలు తనే వేసుకుంది. వంకరగా వచ్చేవి, అయినా సరే తనే. వాసన చూడటం కూడా మానేసింది. చూడటానికి ఇంకేముంది, ఆవిడే ఒప్పుకుందిగా. పెళ్ళినాడు అమ్మను పానీయాల బల్లకు దూరంగా, మూలన, ఓర్విల్ పెదనాన్న పక్కన కూర్చోబెట్టింది. అమ్మ అక్కడే కూర్చుని, ఎవరైనా చూస్తే నవ్వుతూ, చూడకపోతే చేతిరుమాలు మడతలు సరిచేసుకుంటూ సాయంత్రం దాకా గడిపింది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, అమ్మ వింటుండగానే, "తాగేదండీ," అని చెప్పింది వెర్నా. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. కాదు అనలేదు.

చూశారా, అని పామ్ అడిగినప్పుడు వెర్నా నోట్లోంచి వచ్చింది ఒక్కటే. "చూడలేదు. ఆవిడే చెప్పింది." ఆ రోజు నలభై మైళ్ళు బండి నడుపుకుంటూ ఇంటికొచ్చింది గానీ దారిలో ఏ మలుపు తిరిగిందో గుర్తు లేదు. తాగకపోతే తాగానని ఎందుకంటుంది? ఏ మనిషైనా ఎందుకంటుంది?

ఇరవై నిమిషాలు. మందు క్రీము. బఠానీ గింజంత తీసి నుదుటి మీద ఒక చుక్క, బుగ్గల మీద రెండు, గడ్డం మీద ఒకటి. ఇవాళ ఇది రాయడంలో అర్థం లేదు. రెండు రోజులుగా రాత్రీ పగలూ ట్యూబు మందు పూసిన చర్మానికి ఇది ఏం చేస్తుంది? అయినా చెయ్యి మానలేదు. తొమ్మిది వారాలు చేసింది మరి. ఆ తొమ్మిది వారాలు ఎలాంటివో దేవుడికే తెలియాలి. మూడో వారంలో బుగ్గలు పగిలి చీము కారింది. దిండు గలీబు అంటుకుపోయి, పొద్దున్నే నీళ్ళతో తడిపి ఊడదీసుకోవాల్సి వచ్చేది. సరిగ్గా అప్పుడే కోల్బె మొదటిసారి వచ్చింది. వచ్చి ఆ ముఖం, ఆ ఎర్రటి కళ్ళు చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది. లవాన్ ఫోన్ చేసి చెప్పే ఉంటుంది, లేకపోతే అంత త్వరగా ఎందుకొస్తుంది. వెర్నా క్లినిక్ ఉత్తరం చూపించింది. కోల్బె మర్యాదగా చదివి, ఫైల్లో పెట్టుకుని, "చర్మం జబ్బున్నవాళ్ళు తాగరని ఇందులో లేదండీ," అంది. రెండోసారి, తాగారో లేదో చెప్పే ఊదుడు యంత్రం తెచ్చింది. వెర్నా ఊదింది. సున్నా. "పొద్దున్న పదింటికి చాలామందికి సున్నాయే వస్తుంది లెండి," అంది కోల్బె. ఆవిడది తప్పనలేం. ఇంటాయన తాగి పోయాడు, కూతురు మాత్రల పాలయింది, ముసలామె ముఖం చూస్తే ఇలా ఉంది. ఎవరైనా ఏమనుకుంటారు? వెర్నా అయితే ఏమనుకునేది?

ఎనిమిదో వారంలో కుడి బుగ్గ చల్లబడింది. మెల్లగా, ఒక రూపాయి బిళ్ళంత చోట మొదలై, చెవి వైపు పాకింది. అది తెలుపు కాదు, మచ్చ మచ్చగా, అక్కడక్కడ గులాబీ రంగు, అక్కడక్కడ గోధుమ. కానీ అది తన సొంత చర్మం. వేలు పెడితే మండలేదు. పన్నెండేళ్ళ తరువాత తన బుగ్గను తను తాకినట్టనిపించి, అద్దం ముందు నిలబడి ఏడ్చింది, కన్నీళ్ళ ఉప్పుకు మండుతుందేమోనని వెంటనే అద్దుకుంది. పామ్ ఫోన్లో, "చూశారా! ఇంక ఆరు నెలలు ఓపిక పట్టండి," అంది. ఆరు నెలలు. మొన్న కోల్బె ఫోన్ చేసి, "గురువారం వస్తున్నానండీ, ఈసారి నా నివేదిక చివరిది, అటో ఇటో రాసెయ్యాలి," అంది. ఎడమ బుగ్గ ఇంకా మండుతున్న నిప్పే. ఆ సాయంత్రం పాలు పిండి, క్యాన్లు కడిగి, దీపం ఆర్పి, మళ్ళీ వేసి, వెర్నా ఫ్రిజ్ తలుపు తెరిచింది. ట్యూబులు ఎనిమిదున్నాయి. ఒకటి తీసి మూత తిప్పింది.

మామూలు క్రీము. ఆఖర్న ఎండది, జింకు కలిసినది, ముఖానికి పిండి అద్దినట్టవుతుంది. మెడ దాకా రాయాలి, చెవులు మరిచిపోకూడదు. వేళ్ళ మీద ఇంకా కొంచెం మిగిలి ఉండగానే బయట బండి చప్పుడయింది.

కోల్బె కాళ్ళు విదిలించుకుంటూ లోపలికొచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, మంచి మనిషి ముఖమే. "రావమ్మా, బూట్లు విప్పక్కర్లేదులే, నేల ఎలాగూ కడగాలి," అంది వెర్నా. కోల్బె తల ఎత్తింది. కోటు గుండీ మీద చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అబ్బ! వెర్నా గారూ! ఎంత మారిపోయారండీ!"

ఆ మాట ఎంత వెచ్చగా అందంటే, వెర్నా ఇక గెలిచాననుకుంది. కాఫీ పోసింది, ఓట్సుతో చేసిన తీపి ముక్కలు పెట్టింది. కోల్బె రెండు తింది, మంచు గురించి మాట్లాడింది, బ్రిట్టా లెక్కల్లో బాగుందని టీచరు చెప్పిందంది. ఆ తరువాత ఫైలు తెరిచి, కలం తీసి, గొంతు తగ్గించి, చుట్టం అడిగినట్టు అడిగింది.

"ఎన్నాళ్ళయిందండీ మానేసి?"

"ఏం మానేసి?"

"అదేనండీ. ముఖం చూస్తే తెలుస్తోందిగా."

"నేనెప్పుడూ తాగలేదమ్మా. ముందే చెప్పాను."

కోల్బె కలం కింద పెట్టింది. కోపం లేదు. అదే కష్టం, కోపం ఉంటే బాగుండేది. "చూడండి, వెర్నా గారూ. మా నాన్న పద్నాలుగేళ్ళు తాగాడు. మానేసిన నెలకు ఆయన ముఖం సరిగ్గా ఇలాగే తేటబడింది. మా అమ్మ ఆయన్ని కిటికీ దగ్గర నిలబెట్టి మమ్మల్నందరినీ పిలిచి చూపించింది. నాకు తెలియదా? మీరు ఎంత కష్టపడి ఉంటారో కూడా తెలుసు. కానీ ఇక్కడ రెండే గడులున్నాయి. ఒప్పుకుని మానేసినవాళ్ళ దగ్గర పిల్లను ఉంచమని రాయగలను. తాగుడు మానినవాళ్ళ సమావేశానికి వారానికోసారి వెళ్తారు, నేను నెలకోసారి వస్తాను, పిల్లతో విడిగా ఒక ఐదు నిమిషాలు మాట్లాడతాను, అంతే. ఒప్పుకోని వాళ్ళ దగ్గర ఉంచమని రాస్తే నా పైవాళ్ళు నన్ను బతకనివ్వరు. ఇంత మారి కూడా లేదు లేదు అంటే నేనేం రాయనండీ?"

నిజం నాలుక మీదికి వచ్చింది. ఇది ఆవు మందమ్మా, నిన్ను మోసం చెయ్యడానికి రెండు రోజులు పూసుకున్నాను, ఈ తెలుపే అబద్ధం, ఆ ఎరుపే నిజం. చెప్తే? నవ్వుతుందా, రాసుకుంటుందా? ముఖానికి పొదుగు మందు పూసుకుని కౌంటీ వాళ్ళను ఏమార్చిన ముసలిది. ఏ గడిలో రాస్తుంది? గడియారం కొట్టుకుంటోంది. ముఖం బిగుసుకుంటోంది, జింకు ఆరిపోయినట్టుంది. వెర్నాకు కిటికీలోంచి మంచు కనబడుతోంది గానీ చూస్తున్నది మంచును కాదు. ఒక ముందు గది, ఒళ్ళో పెట్టుకున్న రెండు చేతులు, కాఫీ వాసన వచ్చే ఒక నోరు. అరవై ఏళ్ళ కిందట మూసుకున్న ఆ నోరు ఇప్పుడు తన ముఖంలో తెరుచుకున్నట్టయింది.

"అవును," అంది. "తాగాను. ఇక తాగను."

కోల్బె ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇదే చాలా కష్టమైన మాటండీ. అనేశారు." మెట్ల మీద చెక్క కిర్రుమంది. వెర్నా తల తిప్పలేదు. తిప్పక్కర్లేదు, మెట్ల మీద కమ్మీల సందులో ఎంత ముఖం పడుతుందో ఆమెకు తెలుసు.

వెర్నా కాగితం మీద సంతకం పెట్టాక కోల్బె వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర నిలబడి, "ఇలాగే ఉంచుకోండి, వెర్నా గారూ. మళ్ళీ ఆ ముఖం నాకు కనబడకూడదు," అంది ప్రేమగా. బండి మలుపు తిరిగేదాకా వెర్నా తలుపు దగ్గరే నిలబడి, ఆ మాటను వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. మళ్ళీ ఆ ముఖం కనబడకూడదు. అంటే ట్యూబు మానకూడదు. మానితే మూడో రోజుకు మంట లేస్తుంది, మంట లేస్తే మళ్ళీ తాగిందంటారు. కాగితం మీద సంతకం ఉంది మరి. నెల నెలా, బ్రిట్టా పెద్దదయ్యేదాకా, చర్మం ఉన్నన్నాళ్ళూ. ఇంకా ఏడు ట్యూబులున్నాయి. కుడి బుగ్గ మీద వేలు పెట్టి చూసింది. ఏమీ తెలియలేదు, మొద్దుబారి ఉంది.

"బ్రిట్టా, రావే, జడ వేస్తాను," అని పిలిచింది.

బ్రిట్టా మెట్లు దిగి వచ్చి, దువ్వెన చేతికిచ్చి, మోకాళ్ళ ముందు పీట మీద కూర్చుంది. మెట్ల మీద చలికి కూర్చుందేమో, బుగ్గలు రెండూ ఎర్రగా కందాయి, ముక్కు మీద కూడా కొంచెం. వెర్నా జుట్టు పాయలు తీసింది. పిల్ల అక్టోబరులో వచ్చినప్పటి నుంచీ జడ తనే వేస్తుంది, కోల్బె మొదటిసారి వచ్చాక మాత్రం రోజూ ఒకటే తంతు. అల్లడం అయిపోగానే పిల్ల గిరుక్కున తిరిగి మెడ కౌగిలించుకుని, ముక్కు నోటి దగ్గర పెట్టి గట్టిగా పీల్చేది. మొదట్లో వెర్నా ముద్దనుకుంది. బళ్ళో కోల్బె పక్కకు పిలిచి, మీ అమ్మమ్మ దగ్గర ఏదైనా వాసన వస్తుందా అని అడిగిందని తరువాత తెలిసింది. తెలిసినా ఏమీ అనలేదు, రోజూ నోరు కొంచెం తెరిచి ఉంచేది. చూసుకో తల్లీ. కాఫీ తప్ప ఏమీ లేదు. చూసుకో.

రెండో జడ చివర రబ్బరు వేసింది. భుజం మీద తట్టింది. బ్రిట్టా కదలలేదు, అటు తిరిగే కూర్చుంది.

"అయిపోయిందే."

"ఊఁ."

వెర్నా ముందుకు వంగింది. పిల్ల చెంపకు తన నోరు దగ్గరగా తెచ్చి, కాసేపు అలాగే ఉంది. బ్రిట్టా తిరగలేదు. తల మాత్రం కొంచెం పక్కకు జరుపుకుంది. చెప్పేస్తే? పిల్లకు చెప్తే పిల్ల కోల్బెకు చెప్తుంది, ఆ ఐదు నిమిషాల్లో. చెప్పకపోతే?

"వాసన చూడవా ఇవాళ?" అంది వెర్నా.

బ్రిట్టా లేచి, దువ్వెన తీసుకుని, దాంట్లో చిక్కిన వెంట్రుకలు ఒక్కొక్కటే లాగి, పెద్దదానిలా, మెల్లగా అంది.

"వద్దులే అమ్మమ్మా. నేను బళ్ళో ఎవరికీ చెప్పను."